రాష్ట్రానికో రాజ్యాంగం: అమెరికాలో యాభై, మన దగ్గర సున్నా

1976 జులై 1న న్యూజెర్సీలో ప్రభుత్వ బళ్లన్నీ మూతపడ్డాయి. టీచర్లు సమ్మె చేయలేదు, తుఫానూ రాలేదు. బళ్ల మీద ఇక పైసా ఖర్చు పెట్టడానికి వీల్లేదని రాష్ట్ర సుప్రీంకోర్టే ఆర్డరు వేసింది. అప్పుడు వేసవి కాబట్టి ఆగింది సెలవుల క్లాసులే గానీ, దెబ్బ తగలాల్సిన చోట తగిలింది. పిల్లల చదువుకు డబ్బు సమకూర్చే పద్ధతి రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని కోర్టు 1973లోనే తేల్చేసింది. శాసనసభ కొత్త చట్టమైతే చేసింది గానీ, దాన్ని నడపడానికి కావాల్సిన డబ్బు మాత్రం తీయలేదు. బళ్లు మూసేసరికి అందరికీ టెన్షన్ మొదలైంది. వారం తిరిగేసరికి ఇన్‌కమ్ ట్యాక్స్ బిల్లు పాసైంది, గవర్నర్ బ్రెండన్ బర్న్ సంతకం పెట్టారు. ఇవాళ ఎడిసన్‌లోనో జెర్సీ సిటీలోనో ఉంటున్న మనవాళ్ల పే స్లిప్పులో ఫెడరల్ ట్యాక్సుతో పాటు కనిపించే రాష్ట్ర ఇన్‌కమ్ ట్యాక్సు పుట్టింది అలాగే.

ఆ తీర్పుకు ఆధారం అమెరికా రాజ్యాంగం అనుకుంటే పొరపాటు. చదువు గురించి అందులో ఒక్క ముక్క కూడా లేదు. కోర్టు పట్టుకున్నది 1875లో న్యూజెర్సీ తన సొంత రాజ్యాంగంలో చేర్చుకున్న ఒకే ఒక్క వాక్యాన్ని. అయిదేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలందరికీ సమగ్రంగా, సమర్థంగా నడిచే ఉచిత ప్రభుత్వ బళ్లను శాసనసభ ఏర్పాటు చేసి నడపాలని ఆ వాక్యం చెబుతుంది. దాదాపు వందేళ్లు కాగితం మీద నిద్రపోయి, లేచిన రోజున కొత్త పన్ను పుట్టించింది.

ఇలాంటి రాజ్యాంగాలు అమెరికాలో యాభై ఉన్నాయి. మనకు మాత్రం అక్కడి రాజ్యాంగం అనగానే 1787లో ఫిలడెల్ఫియాలో రాసిందొక్కటే గుర్తొస్తుంది. కానీ అక్కడ బతికే మనిషికి రోజూ ఎదురయ్యే బడి, పోలీసు, పెళ్లి, పొలం, ఇంటి పన్ను, ఓటింగ్ ఏర్పాట్లు చాలావరకు రాష్ట్రం చేతిలోవే. రాష్ట్రం చేతుల్ని కట్టేది రాష్ట్ర రాజ్యాంగం. దాన్ని జాతీయ రాజ్యాంగానికి చిన్న నకలు అనుకుని చదివినంత కాలం లాయర్లకూ ప్రొఫెసర్లకూ అది సరిగ్గా బోధపడలేదు. దాని పుట్టుక వేరు, పని వేరు, రాసిన తీరు వేరు.

ముందు పుట్టినవి రాష్ట్రాలవే

వరసలో చూస్తే రాష్ట్ర రాజ్యాంగాలే పెద్దన్నలు. 1776 జనవరిలో న్యూ హ్యాంప్‌షైర్, మార్చిలో సౌత్ కరోలినా సొంత రాజ్యాంగాలు రాసేసుకున్నాయి. అప్పటికి స్వాతంత్ర్య ప్రకటన కూడా వెలువడలేదు. అదే ఏడాది జూన్‌లో వర్జీనియా తన హక్కుల ప్రకటన చేసింది. జాతీయ రాజ్యాంగానికి హక్కుల పట్టిక తగిలింది పదిహేనేళ్ల తరవాత, 1791లో. జాన్ ఆడమ్స్ ప్రధానంగా రాసిన మసాచుసెట్స్ రాజ్యాంగం 1780 నాటిది. సవరణలు పడుతూ ఇప్పటికీ అదే నడుస్తోంది.

ఆ మసాచుసెట్స్ రాజ్యాంగపు మొదటి ఆర్టికల్ మనుషులంతా స్వేచ్ఛగా, సమానంగా పుట్టారంటుంది. షెఫీల్డ్ అనే ఊళ్లో ఆష్లీ అనే ఆసామి ఇంట్లో బానిసగా ఉన్న బెట్ అనే నల్లజాతి స్త్రీ ఈ మాట విని, థియోడర్ సెడ్జ్‌విక్ అనే లాయర్ దగ్గరికి వెళ్లింది. ఆమెకు చదవడం రాదు. మరి ఆ మాట నాకు వర్తించదా అన్నదే ఆమె కేసు. 1781లో జ్యూరీ ఆమెకు విముక్తి ఇచ్చింది, పైగా ముప్పై షిల్లింగుల పరిహారం కూడా ఇప్పించింది. తరవాత ఆమె ఎలిజబెత్ ఫ్రీమన్ అని పేరు పెట్టుకుంది. రెండేళ్లకు క్వాక్ వాకర్ కేసులో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం కూడా అదే దారి పట్టడంతో మసాచుసెట్స్‌లో బానిసత్వానికి చట్టపరమైన పునాది కూలిపోయింది. దేశం మొత్తానికి ఆ పని జరగడానికి 1865 దాకా, ఒక అంతర్యుద్ధం దాకా ఆగాల్సి వచ్చింది.

రాయకుండా వదిలేస్తే ఏమవుతుంది

ఇక్కడ అసలు ముడి విప్పాలి. అమెరికా కేంద్ర ప్రభుత్వానికి రాజ్యాంగం ఇచ్చినవే అధికారాలు, ఇవ్వనివి లేవు. మిగిలినవన్నీ రాష్ట్రాలవి. మన దగ్గర తిరగేసి ఉంటుంది: రాష్ట్ర జాబితాలోనూ ఉమ్మడి జాబితాలోనూ లేనిదేదైనా కేంద్రానికే పోతుంది. కాబట్టి అమెరికాలో జాతీయ రాజ్యాంగం ఒక విషయం గురించి మాట్లాడకపోతే కేంద్రానికి ఆ అధికారం లేనట్టే లెక్క. రాష్ట్ర రాజ్యాంగం మాట్లాడకపోతే మాత్రం శాసనసభకు పూర్తి అధికారం ఉన్నట్టు. ఒకటి అధికారాలు ఇచ్చే పత్రం, రెండోది ఉన్న అధికారానికి కళ్లెం వేసే పత్రం.

రాష్ట్ర రాజ్యాంగాలు అంత పొడుగ్గా ఎందుకున్నాయన్న ప్రశ్నకు సగం జవాబు ఇదే. శాసనసభను ఎక్కడ ఆపాలన్నా ఆ సంగతి స్పష్టంగా రాయాల్సిందే. రాసింది చాల్లేదని తేలితే ఇంకో సవరణ. కోర్టు ఎవరికీ నచ్చని అర్థం చెబితే మరో సవరణ. అమెరికా రాజ్యాంగానికి ఇన్నేళ్లలో పడ్డ సవరణలు 27. ఇప్పుడు అమల్లో ఉన్న యాభై రాష్ట్రాల రాజ్యాంగాలకు పడ్డవి ఏడు వేలకు పైనే. పాతది పక్కన పడేసి కొత్తది రాసుకోవడం కూడా వాళ్లకు పెద్ద విషయం కాదు. లూసియానా ఇప్పుడు పదకొండో రాజ్యాంగంతో నడుస్తోంది, జార్జియా పదోదాంతో.

ప్రతి పొరకూ ఒక చరిత్ర ఉంటుంది. న్యూయార్క్‌లోని ఈరీ కాలువ లాభాలు చూసి 1830ల్లో చాలా రాష్ట్రాలు కాలువలకూ రైళ్లకూ బ్యాంకులకూ ఎడాపెడా అప్పులు చేశాయి. 1837లో మార్కెట్ కుప్పకూలింది. 1840ల మొదట్లో ఎనిమిది రాష్ట్రాలు, వాటితో పాటు అప్పటికింకా రాష్ట్రం కాని ఫ్లోరిడా టెరిటరీ అప్పు కట్టలేక చేతులెత్తేశాయి. ఆ దెబ్బతో జనం రాజ్యాంగాల్లోకే అప్పుల పరిమితులు ఎక్కించారు. పెద్ద అప్పు చేయాలంటే ఓటర్లనే అడగాలని న్యూయార్క్ 1846లో రాసుకుంది. తరవాతి తరంలో రైల్వే కంపెనీలు శాసనసభ్యుల్ని కొనేసి తమ ఒక్కళ్ల కోసం చట్టాలు చేయించుకుంటుంటే, అలాంటి ప్రత్యేక చట్టాలు చెల్లవన్న నిషేధాలు వచ్చి చేరాయి. ఒక్కో క్లాజు వెనకా ఎప్పుడో మోసపోయిన జనం ఉంటారు.

టెక్సస్ సంగతే చూడండి. ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి కాబట్టి ఇది మనకూ కొంత దగ్గరి విషయమే. అక్కడి రాజ్యాంగం 1876 నాటిది. అంతర్యుద్ధం తరవాత వచ్చిన ప్రభుత్వం మీద కసితో, ఏ ప్రభుత్వమూ మళ్లీ బలపడకూడదని రాసినది. దాని ప్రకారం శాసనసభ మామూలు సమావేశాలు రెండేళ్లకోసారే, అదీ 140 రోజులకు మించకుండా. సభ్యుడి జీతం నెలకు 600 డాలర్లు. ఆ అంకె రాజ్యాంగంలోనే ఉంది, 1975లో పెట్టింది. డ్యాలస్‌లో ఆ డబ్బుకు గది అద్దె కూడా రాదు. గవర్నర్ ఉన్నా, లెఫ్టినెంట్ గవర్నర్, అటార్నీ జనరల్, ఖజానా లెక్కలు చూసే కంప్ట్రోలర్ లాంటి వాళ్లను జనం విడివిడిగా ఎన్నుకుంటారు కాబట్టి వాళ్లు ఆయన మాట వినాలన్న రూలేమీ లేదు. 2019లో వ్యక్తుల ఆదాయం మీద పన్నే వేయకూడదని ఓటర్లు రాజ్యాంగంలో రాసేశారు. టెక్సస్‌లో ఇన్‌కమ్ ట్యాక్స్ లేదని మనవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు గానీ, దాని బదులు ఇంటి పన్ను బిల్లు చూసి గుండె పట్టుకునేదీ వాళ్లే. బళ్లు నడిచేది చాలావరకు దాని మీదే.

అలబామా మరక

ఇంత వివరంగా రాసుకోవడం జనానికి మేలే కదా అనిపిస్తుంది. అలా అనిపించినప్పుడల్లా అలబామా గుర్తుచేసుకోవాలి.

1901లో అక్కడ రాజ్యాంగ సభ జరిగింది. మనమిక్కడ చేరింది ఎందుకంటే, ఫెడరల్ రాజ్యాంగం పెట్టిన హద్దుల్లోనే ఈ రాష్ట్రంలో తెల్లవాళ్ల ఆధిపత్యాన్ని నిలబెట్టడానికేనని సభాధ్యక్షుడు జాన్ నాక్స్ దాపరికం లేకుండా ప్రకటించాడు. ఓటుకు పన్ను, చదువు పరీక్ష, ఆస్తి షరతు పెట్టి నల్లజాతి ఓటర్లను దాదాపు మొత్తంగా ఊడ్చేశారు. పేద తెల్లవాళ్లలోనూ చాలామంది ఓటు పోగొట్టుకున్నారు. ఇంకో పని కూడా చేశారు. కౌంటీలకు, అంటే జిల్లా స్థాయి ప్రభుత్వాలకు, సొంత అధికారం దాదాపు లేకుండా చేసి, అన్నీ రాజధాని మాంట్‌గోమరీ గుప్పిట్లో పెట్టారు. దాంతో ఒక కౌంటీలో చిన్న పని కావాలన్నా రాజ్యాంగ సవరణ తేవాల్సి వచ్చింది. ఒక కౌంటీలో బింగో ఆట ఆడించుకోవడానికి సవరణ, ఇంకో కౌంటీలో దోమల నివారణకు సవరణ. చచ్చిన పశువుల కళేబరాలను ఏం చేయాలన్నదాని మీద లైమ్‌స్టోన్ కౌంటీ కోసం ఒక సవరణ ఉంది, నిజంగానే. అలా అది తొమ్మిది వందల సవరణలు దాటి, దాదాపు నాలుగు లక్షల మాటలకు చేరింది. వెర్మాంట్ రాజ్యాంగం తొమ్మిది వేల మాటలు కూడా లేదు.

బళ్లలో నల్ల పిల్లల్నీ తెల్ల పిల్లల్నీ వేరుగా కూర్చోబెట్టాలన్న వాక్యం చెల్లదని 1954లోనే అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో తేలిపోయింది. అయినా అది అలబామా కాగితంలో అలాగే ఉండిపోయింది. పైగా 1956లో, చదువు ఎవరికీ హక్కు కాదని అర్థం వచ్చే మాటలు కొత్తగా చేర్చారు. ఆ భాష తీసేద్దామని 2004లో ఓటింగ్ పెడితే రెండు వేల లోపు తేడాతో వీగిపోయింది. ఆ మాటలు పోతే కోర్టులు పన్నులు పెంచమంటాయేమోనన్న భయం ఒక కారణం. న్యూజెర్సీలో జరిగింది అలబామా వాళ్లకూ తెలుసు మరి. చివరికి 2022లో ఓటర్లు ఒప్పుకున్నాక జాత్యహంకారపు భాష తీసేసి పుస్తకాన్ని తిరిగి కూర్చారు.

ప్రొఫెసర్లు మేలుకున్న కథ

ఇన్ని విశేషాలున్నా చాలాకాలం వీటిని ఎవరూ చదవలేదు. లా కాలేజీల్లో రాజ్యాంగం అంటే జాతీయ రాజ్యాంగమే. రాజనీతి శాస్త్రంలో డేనియల్ ఎలజార్ లాంటి కొద్దిమంది మాత్రం రాష్ట్రాల వైపు చూశారు. రాష్ట్రాల మధ్య తేడాలు వాటి రాజకీయ సంస్కృతిలో ఉన్నాయని ఆయన వాదన. ప్రభుత్వం ఉన్నది సమాజాన్ని బాగుచేయడానికని నమ్మే రాష్ట్రాలు కొన్ని, అదొక వ్యాపారపు సంత అనుకునేవి కొన్ని, పాత దొరల ఏర్పాట్లు కాపాడాలనుకునేవి కొన్ని. ఈ వర్గీకరణ మరీ మొరటుగా ఉందని తరవాత చాలామంది విమర్శించారు, ఆ విమర్శలో న్యాయముంది. కానీ ఒక రాష్ట్ర రాజ్యాంగం రెండు పేజీలు చూసి అది ఏ ప్రాంతానిదో ఊహించవచ్చన్న దారి చూపింది ఆయనే. 1971లో ఫెడరలిజం అధ్యయనానికి పబ్లియస్ అనే పత్రికను కూడా మొదలుపెట్టారు.

లాయర్ల ప్రపంచాన్ని కదిలించింది ఒక జడ్జి. విలియం బ్రెనన్ అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్లకముందు న్యూజెర్సీ సుప్రీంకోర్టులో పనిచేశారు. 1970ల్లో సుప్రీంకోర్టు హక్కుల విషయంలో వెనకడుగు వేస్తోందని ఆయనకు అనిపించింది. 1977లో హార్వర్డ్ లా రివ్యూలో ఒక వ్యాసం రాశారు. ఫెడరల్ హక్కులు కనీస మట్టం మాత్రమే, రాష్ట్ర కోర్టులు తమ సొంత రాజ్యాంగాలు తెరిచి అంతకన్నా ఎక్కువ రక్షణ ఇవ్వవచ్చు అన్నది దాని సారం. ఆ వ్యాసం చేతపట్టుకుని రాష్ట్ర జడ్జీలు కదిలారు. 1983లో మిషిగన్ వర్సెస్ లాంగ్ కేసులో సుప్రీంకోర్టు ఒక నియమం పెట్టింది: రాష్ట్ర కోర్టు తన తీర్పు పూర్తిగా రాష్ట్ర రాజ్యాంగం మీదే నిలబడిందని స్పష్టంగా చెబితే, మేం వేలు పెట్టం అని.

ఒరెగాన్ జడ్జి హాన్స్ లిండేకు మాత్రం బ్రెనన్ పద్ధతి నచ్చలేదు. ఫెడరల్ కోర్టు హక్కు ఇవ్వనప్పుడు మాత్రమే పరిగెత్తుకొచ్చి రాష్ట్ర రాజ్యాంగం తీయడమేమిటి, ముందు చూడాల్సిందే అది కదా అన్నాడాయన. తార్కికంగా లిండే మాటే సరైనది. రాష్ట్రం తన సొంత చట్టం ప్రకారమే ఒక మనిషికి న్యాయం చేసి ఉంటే, ఫెడరల్ ప్రశ్న అసలు పుట్టదు.

1992లో జేమ్స్ గార్డనర్ అనే లా ప్రొఫెసర్ వీళ్లందరి మీదా చన్నీళ్లు చల్లాడు. తీర్పులు వరసగా చదివి చూస్తే రాష్ట్ర రాజ్యాంగాల మీద చెప్పుకోదగ్గ చర్చే లేదన్నాడు. చాలా కోర్టులు ఫెడరల్ తీర్పునే కాపీ కొడతాయి, అసలు ఈ పత్రాల్లో ఆ రాష్ట్ర ప్రజల ఆత్మ అంటూ ఏదీ లేదు, బింగోలూ బాండ్లూ తప్ప అని. చాలామందికి కోపం వచ్చింది. అలెన్ టార్, రాబర్ట్ విలియమ్స్ అనే ఇద్దరు పండితుల కృషిని ఒకరకంగా దీనికి జవాబు అనుకోవచ్చు. ఇద్దరూ న్యూజెర్సీలోని క్యామ్డెన్‌లో రట్‌గర్స్ యూనివర్సిటీ వాళ్లు. అక్కడ రాష్ట్ర రాజ్యాంగాల అధ్యయన కేంద్రమే ఉంది. ఆత్మ కోసం గొప్ప వాక్యాల్లో వెతక్కండి, ఆ రాష్ట్రం ఎవర్ని నమ్మలేదో, ఎక్కడ కళ్లెం వేసిందో అక్కడ వెతకండి అన్నది స్థూలంగా వాళ్ల దారి. చరిత్ర తెలియకుండా క్లాజు అర్థం కాదు.

నాకు వీళ్లందరికన్నా ఎమిలీ జాకిన్ అనే రాజనీతి శాస్త్ర పండితురాలి వాదన పదునుగా తోస్తుంది. అమెరికా రాజ్యాంగంలో ప్రభుత్వాన్ని ఆపే హక్కులే తప్ప ప్రభుత్వం చేత పని చేయించే హక్కులు లేవని అందరూ అంటారు. మీరు వెతుకుతున్న చోటే తప్పు అంటారు ఆమె. బళ్ల కోసం, కార్మికుల కోసం, అడవుల కోసం ఉద్యమాలు నడిపినవాళ్లు కావాలనే రాష్ట్ర రాజ్యాంగాల్లోకి వెళ్లి ఆ హక్కులు రాయించుకున్నారు. శాసనసభ మీద నమ్మకం లేదు, కోర్టు మీద అసలే లేదు. అందుకే అంత వివరంగా, జడ్జికి తప్పించుకునే సందు లేకుండా రాశారు.

దీనికి న్యూయార్క్ ఉదాహరణ ఒళ్లు జలదరించేలా ఉంటుంది. పనిలో గాయపడ్డ కార్మికుడికి యజమాని పరిహారం ఇవ్వాలన్న చట్టాన్ని, రాజ్యాంగ విరుద్ధమంటూ రాష్ట్ర అత్యున్నత కోర్టు 1911 మార్చి 24న కొట్టేసింది. మర్నాడు, మార్చి 25 సాయంత్రం, న్యూయార్క్ నగరంలో ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీ తగలబడింది. తలుపులకు తాళాలు వేసి ఉన్నాయి. 146 మంది చనిపోయారు, ఎక్కువమంది వలస వచ్చిన పడుచు ఆడపిల్లలు. 1913లో ఓటర్లు రాజ్యాంగాన్నే సవరించి ఆ తీర్పును పక్కకు నెట్టారు. పరిహార చట్టం మళ్లీ వచ్చింది.

అదే న్యూయార్క్ 1894లో అడవుల్ని ఎప్పటికీ అడవులుగానే ఉంచాలని రాసుకుంది. దాని వల్ల అడిరాండాక్ కొండలు మిగిలాయి. రాకెట్ లేక్ అనే చిన్న ఊరికి మంచినీళ్ల బావుల కోసం ఎకరం అటవీ భూమి కావాల్సి వచ్చినప్పుడు, 2007లో రాష్ట్రమంతా ఓటెయ్యాల్సి వచ్చింది కూడా దాని వల్లే. రెండూ ఒకే క్లాజు ఫలితాలు.

శాన్ ఆంటోనియో నుంచి మోంటానా దాకా

బడి కథకు వస్తే, దాని మొదలు టెక్సస్‌లో ఉంది. శాన్ ఆంటోనియో నగరంలో ఎడ్జ్‌వుడ్ పేదల పేట, ఎక్కువగా మెక్సికన్ మూలాలవాళ్లు. ఆలమో హైట్స్ డబ్బున్నవాళ్లది. ఇంటి పన్ను మీద బళ్లు నడవడంతో, 1960ల చివర్లో ఎడ్జ్‌వుడ్‌లో ఒక్కో పిల్లాడి మీద 356 డాలర్లు ఖర్చయితే ఆలమో హైట్స్‌లో 594. నిజానికి ఎడ్జ్‌వుడ్ వాళ్లే ఎక్కువ రేటులో పన్ను కడుతున్నారు. డెమెట్రియో రోడ్రిగెజ్ అనే తండ్రి, మరికొందరు తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. చదువు ఫెడరల్ రాజ్యాంగం కింద మౌలిక హక్కు కాదని 1973 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో తలుపు మూసేసింది. రెండు వారాలు తిరక్కముందే న్యూజెర్సీ కోర్టు తన రాష్ట్ర రాజ్యాంగం కింద ఇంకో తలుపు తెరిచింది. 1989లో కెంటకీ సుప్రీంకోర్టు ఏకంగా రాష్ట్రంలోని బడి వ్యవస్థ మొత్తం చెల్లదంది. అదే ఏడాది, అదే ఎడ్జ్‌వుడ్ కేసులో టెక్సస్ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా పేద పేటల పక్షాన తీర్పిచ్చింది. ఇవాళ ప్లేనో లాంటి ఆస్తులున్న స్కూల్ డిస్ట్రిక్టుల పన్నులో కొంత రాష్ట్రం వెనక్కి తీసుకుంటుందంటే, దాని మూలం ఆ కేసే. అక్కడివాళ్లు దాన్ని రాబిన్ హుడ్ అంటారు, కాస్త చిరాగ్గానే.

మోంటానా 1972లో రాసుకున్న రాజ్యాంగం పరిశుభ్రమైన, ఆరోగ్యకరమైన పర్యావరణాన్ని హక్కుల్లో చేర్చింది. బొగ్గు, చమురు అనుమతులిచ్చేటప్పుడు వాతావరణానికి కలిగే హానిని లెక్కలోకి తీసుకోవద్దన్న రాష్ట్ర చట్టం మీద పదహారు మంది పిల్లలూ యువకులూ కేసు వేసి, 2023లో గెలిచారు. మరుసటి ఏడాది డిసెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. అబార్షన్ విషయం కూడా ఇప్పుడు ఇక్కడికే చేరింది. 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో ఫెడరల్ హక్కు పోయాక, ఆగస్టులో క్యాన్సస్ లాంటి సంప్రదాయ రాష్ట్రంలోనే ఓటర్లు తమ రాజ్యాంగంలోంచి ఆ రక్షణ తీసేయడానికి ఒప్పుకోలేదు. ఒహాయోలో 2023 ఆగస్టున, సవరణకు సగం ఓట్లు చాలవు, అరవై శాతం కావాలన్న ప్రతిపాదన పెట్టారు. జనం తిప్పికొట్టారు. సవరణ ఎంత తేలిగ్గా ఉండాలన్నదే ఇప్పుడు అసలు కొట్లాట.

మిగతా సమాఖ్యలు, మనం

సమాఖ్య ప్రతి చోటా ఇలాగే ఉండదు. దేశ రాజ్యాంగం రాష్ట్రాలకు తమ గురించి తాము రాసుకోవడానికి ఎంత జాగా వదిలిందన్నది టార్, విలియమ్స్ లాంటివాళ్లు దేశదేశాలను పోల్చడానికి వాడే కొలత. జర్మనీలో రాష్ట్రాలకు రాజ్యాంగాలున్నాయి, కొన్ని దేశ రాజ్యాంగం కన్నా ముందువి. బవేరియా 1946 రాజ్యాంగం అడవిలో తిరిగే, అక్కడి పండ్లు ఏరుకునే హక్కు అందరికీ ఇచ్చింది. హెస్సె రాజ్యాంగంలో మరణశిక్ష 2018 దాకా కాగితం మీద ఉండిపోయింది, దేశ రాజ్యాంగం 1949లోనే రద్దు చేసినా. స్విట్జర్లాండ్‌లో రాష్ట్రాల్ని కాంటన్‌లంటారు; అపెంజెల్ ఇన్నర్‌రోడెన్ కాంటన్ మగవాళ్లు ఆడవాళ్లకు ఓటు ఇవ్వం అని మొండికేస్తే, 1990లో ఫెడరల్ కోర్టు ఆ కాంటన్ రాజ్యాంగంలోని మాటలకే కొత్త అర్థం చెప్పి ఇప్పించింది. దక్షిణాఫ్రికాలో ప్రావిన్సులు సొంత రాజ్యాంగం రాసుకోవచ్చు గానీ, క్వాజులు-నటాల్ రాసింది రాజ్యాంగ న్యాయస్థానం ఒప్పుకోలేదు. వెస్టర్న్ కేప్ ఒక్కదానికే ఉంది.

మన దేశంలో జాగా దాదాపు లేదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో మైసూరు, సౌరాష్ట్ర, తిరువాంకూరు-కొచ్చిన్ సొంత రాజ్యాంగ సభలు పెట్టుకున్నాయి. 1949లో ఆ ఆలోచన విరమించి, అందరికీ ఒకే రాజ్యాంగం చాలనుకున్నారు. మిగిలింది జమ్మూ కశ్మీర్ ఒక్కటే. 1957 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న దాని రాజ్యాంగం 2019 ఆగస్టుతో చెల్లకుండా పోయింది. మిగతా రాష్ట్రాలన్నింటికీ గవర్నరు, కేబినెట్, అసెంబ్లీ, హైకోర్టు ఎలా ఉండాలో భారత రాజ్యాంగం ఆరో భాగమే చెబుతుంది. దీనికి బలమైన కారణాలున్నాయి. దేశ విభజన నెత్తురు అప్పటికింకా ఆరలేదు. అలబామా లాంటిది మన దగ్గర ఏ అగ్రకులమో రాసి ఉంటే ఏమై ఉండేదో ఊహించుకోవచ్చు కూడా.

కానీ రాష్ట్రానికి తన కాగితం లేకపోతే దాని లోకల్ తగాదాలు దేశ రాజ్యాంగంలోకి ఎక్కుతాయి. తెలుగువాళ్లకు ఇది బాగా తెలుసు. ముల్కీ గొడవలు, జై ఆంధ్ర ఉద్యమం తరవాత 1973 ఆరు సూత్రాల ఒప్పందాన్ని నిలబెట్టడానికి 32వ సవరణ చేసి, 371డి అనే అధికరణం పెట్టారు. ఉద్యోగాల్లో, కాలేజీ సీట్లలో లోకల్ ఎవరు, నాన్ లోకల్ ఎవరు అన్నది ఆనాటి నుంచి రాష్ట్రపతి ఉత్తర్వుల సంగతి. పక్కనే 371ఇ, హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీకి దారి వేసింది. ఒక యూనివర్సిటీ కోసం దేశ రాజ్యాంగంలో అధికరణమేమిటని నవ్వుకునేవాళ్లు అలబామా బింగో సవరణను ఇంకోసారి తలచుకోవచ్చు. రాష్ట్రం రెండయ్యాక కూడా 371డి రెండు చోట్లా కొనసాగుతోంది.

శాసన మండలి సంగతి ఇంకా తేటగా ఉంటుంది. నెబ్రాస్కా ఓటర్లు రెండు సభలెందుకు, ఖర్చు దండగ అన్న తమ సెనేటర్ జార్జ్ నారిస్ మాట విని 1934లో తమ రాజ్యాంగాన్ని సవరించారు. 1937 నుంచి అక్కడ ఒకటే సభ. వాషింగ్టన్‌ను ఎవరూ అడగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో మండలి 1958లో వచ్చింది. దాన్ని తీసేయాలని ఎన్టీఆర్ ప్రభుత్వం 1983లో తీర్మానం చేస్తే పార్లమెంటు కదల్లేదు. మళ్లీ తీర్మానం చేశాక 1985లో రద్దయింది. 2007లో తిరిగొచ్చింది. 2020 జనవరిలో అసెంబ్లీ మరోసారి రద్దు తీర్మానం చేసింది, దాదాపు రెండేళ్లు ఢిల్లీ వైపు చూసింది, 2021 నవంబరులో ఆ తీర్మానాన్ని తానే వెనక్కి తీసుకుంది.